రగబా అంటే మెడ

ఆ ముసలాయన మళ్లీ వచ్చాడు.

భూమేష్ మూడో అంతస్తు కిటికీ పరదా కొంచెం జరిపి చూశాడు. ఎదురుగా మూతబడిన లాండ్రీ మెట్ల మీద కూర్చున్నాడు. ఆరడుగుల పైన మనిషి. కారునలుపు ముఖం, తెల్లటి తలపాగా. కళ్లు ఈ బిల్డింగు మీదే.

"రెండొద్దులాయె మౌలన్నా. గాడ్నే కూసుంటుండు."

"పరదా ఇడువు. మనల్ని చూస్తడు" అన్నాడు మౌలా సాహెబ్. ఇద్దరిదీ ఒకే జిల్లా, ఒకే గది. మౌలాకి కాస్త అరబ్బీ వచ్చు.

భూమేష్ భయానికి కారణముంది.

నాలుగు నెలల కింద నీళ్ల ట్యాంకర్ దగ్గర ఈ గల్లీ తెలుగువాళ్లకీ, వెనక గల్లీ సూడాన్ వాళ్లకీ మాటా మాటా పెరిగింది. భూమేష్ బావ నర్సింలు చేతిలో ఇనుప రాడ్ ఉంది. ఒక సూడాన్ కుర్రాడు పోయాడు. నర్సింలు జైల్లో పడ్డాడు. సౌదీలో ప్రాణానికి ప్రాణం. మంగళవారం తీర్పు. ఊళ్లోంచి అక్క ముత్యవ్వ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "తమ్మీ, మీ బావ బతుకుతడా?"

బలదియాకి, అంటే ఇక్కడి మున్సిపాలిటీకి, చేతులు కాలాక ఆకులు గుర్తొచ్చాయి. 'మనమంతా పొరుగువాళ్లం' అని నాలుగు భాషల్లో బోర్డులు కట్టింది. ప్రతి శుక్రవారం పార్కులో అన్ని దేశాల వాళ్లకీ కలిపి కబ్సా అనే మాంసం పులావు పెట్టింది. అందరూ తిన్నారు, ఎవరి గుంపులో వాళ్లు కూర్చుని. వేరే దేశం వాళ్లెవరైనా బెదిరిస్తే ఫోన్ చెయ్యమని ఒక నంబరు కూడా ఇచ్చింది.

భూమేష్ కూడా కడుపునిండా తిన్నాడు గానీ నల్లవాళ్ల పక్కన కూర్చోలేదు. తనేదో దబ్బపండు ఛాయ అయినట్టు!

గురువారం సాయంత్రం భూమేష్ పని బస్సు దిగి వచ్చేసరికి ముసలాయన మెట్ల మీద లేడు. బిల్డింగు గుమ్మంలోనే ఉన్నాడు.

భూమేష్ పక్కనుంచి తప్పుకుని పోబోయాడు.

"నర్సింలు?" అన్నాడు ముసలాయన.

"తెల్వదు. మాలూమ్ నై."

ముసలాయన అరబ్బీలో ఏదో చెప్పాడు. అర్థం కాలేదని తెలిసి, చెయ్యెత్తి తన మెడ మీద పెట్టుకున్నాడు. "నర్సింలు... రగబా" అని ఆ చేతిని గాల్లోకి ఒక్క ఊపు ఊపాడు.

భూమేష్ మూడంతస్తులూ పరుగున ఎక్కాడు.

"మౌలన్నా, రగబా అంటె ఏంది?"

"మెడ. ఎందుకు?"

భూమేష్ ఆ చేతి ఊపు చేసి చూపించాడు.

మౌలా సాహెబ్ వెళ్లి తలుపు గడియ పెట్టాడు. "సచ్చినోని తరపు మనిషే. మీ బావ మెడ మీద కత్తి పడాలంటుండు. బావ జైల్ల ఉండు, ఇగ నీ మీదికొచ్చిండు."

"ఏం జేద్దామే?"

"ఆ నంబర్‌కు కొట్టు. దేనికిచ్చిండ్రు మరి?"

భూమేష్ కొట్టాడు. వచ్చిన హిందీలో ఉన్నదీ లేనిదీ కలిపి చెప్పాడు. చంపుతానంటున్నాడన్నాడు. కత్తి ఉందని కూడా అన్నాడు.

బలదియా మాట నిలబెట్టుకుంది. పావుగంటలో పోలీసు బండి వచ్చింది. ముసలాయన ఎదురు తిరగలేదు. బండెక్కబోతూ మాత్రం ఆగి, ఒక్కో కిటికీనే చూశాడు, ఎవరికోసమో వెతుకుతున్నట్టు.

భూమేష్ పరదా వెనక్కి తప్పుకున్నాడు. బండి మలుపు తిరిగేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

ఆదివారం బలదియా నుంచి ఫోన్ వచ్చింది. చేసింది గల్లీల మధ్య రాజీ కుదిర్చే కమిటీలో అరబ్బీ మాటల్ని తెలుగులో చెప్పే జిలానీ, కడప మనిషి.

"భూమేషూ, బిన్నా రా. మీ బావ సంగతి."

ఆఫీసులో భూమేష్‌ని కూర్చోబెట్టారు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"మీ బావ బతికిపోయేటోడప్పా" అన్నాడు జిలానీ. గొంతులో జీవం లేదు.

"ఏమన్నవ్ భాయ్?"

"సచ్చిపోయినోని వారసుడు, నేను క్షమించినా అని కాజీ ముందర ఒక్క సంతకం పెడితే సాలు, శిక్ష పోతాది. ఆయప్ప ఒప్పుకున్నాడు, ఈ దినమే సంతకం పెట్టాల్సింది. పైసా అడగలే. ఒక ప్రాణం పోయింది, ఇంకోటి తీసి ఏం జేసుకోవాలన్నాడు. దాన్ని ఈ అరబ్బులు ఇత్గ్ రగబా అంటారు. మెడను ఇడిపించేది అని."

భూమేష్ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"మరి... ఇంక రాలే?"

"యాడొస్తాడు? ఎవురో ఫోన్ కొట్టి కత్తి సూపించినాడని చెప్పినారంట. మాకు తెలిసేలోపల వీసా కొట్టేసి షిప్పెక్కించినారు. మళ్లా ఈ దేశంలో కాలు పెట్టనియ్యరు. ఆ సూడాన్‌లో ఏమో యుద్ధం, ఫోన్లు కలవవు. ఎల్లుండే తీర్పు."

భూమేష్‌కి అంతా తెలిసిపోయింది. అయినా ఎవరైనా కాదంటారేమోనన్న ఆశతో అడిగాడు.

"గాయిన ఎవరు, భాయ్?"

"ఆ పిల్లోని నాయన" అన్నాడు జిలానీ. "ఈ మంచిమాట కాయితం కన్నా ముందుగా తన నోటితోనే మీకు చెప్పాలని మూడు దినాలు మీ బిల్డింగు ముందర కూచున్నాడంట."