పక్కింటి మాట

"రేపో ఎల్లుండో ఒక మనిషి వస్తాడక్కా. మా ఆయన ఎట్టా ఉంటాడో అడుగుతాడు. మేం చెప్తే చెల్లదంట, పక్కింటోళ్లే చెప్పాలంట. నీకు తెలీంది ఏముంది, నువ్వే..." అంటూనే రాజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమే, నాకు నువ్వు నేర్పాలా? పోయి పని చూసుకో" అంది నాగేంద్రమ్మ.

రాజమ్మ కొడుకు జీవన్‌కి వినుకొండ సంబంధం వచ్చిందని బజారంతా తెలుసు. ముందు వచ్చిన సంబంధం ఎందుకు తప్పిపోయిందో కూడా తెలుసు. తండ్రికి మతి సరిగా లేదని ఎవరో పుణ్యాత్ముడు వాళ్ల చెవిన వేశాడు.

ఆ తండ్రి శౌరి మిలిటరీలో చేసి వచ్చాడు. సరిహద్దులో ఏం చూశాడో ఏమో, నిద్ర లేదు, మాట లేదు. క్వారీలో పేలుడు వినిపిస్తే చాలు, ఎక్కడుంటే అక్కడ బోర్లా పడిపోతాడు. ఒంటి మీద గాయం లేదు కాబట్టి పింఛనూ లేదన్నారు. అప్పీలు పెట్టి రాజమ్మ తిరగని ఆఫీసు లేదు. ఆ ఇంటిని చూస్తే నాగేంద్రమ్మకు కడుపు తరుక్కుపోయేది. చూస్తూ ఉండటం తప్ప ఏమీ చేయలేకపోయేది. ఇన్నాళ్లకు ఒక్క మాట సాయం చేసే వీలు దొరికింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ మనిషి రానే వచ్చాడు. రాజమ్మ మిరపకోతకు పోయింది. ఆయన పేరు చెప్పబోతే నాగేంద్రమ్మే ఆపింది. సంబంధం విచారించడానికి వచ్చినవాళ్లను ఆరా తీయడం మర్యాద కాదు.

"తెలుసులే నాయనా. కూర్చో, మజ్జిగ తాగు."

"శౌరి గారు ఎలా ఉంటారమ్మా?"

"మా మరిదా? బంగారం. చీమకైనా అపకారం చెయ్యడు."

"నిద్రపోతారా?"

"పడుకుంటే మళ్లా తెల్లారి లేవడమే."

"దేనికైనా భయపడతారా?"

"మిలిటరీ మనిషికి భయమేంది!"

అప్పుడే క్వారీలో ఢామ్మంది. గోడ అవతల వాకిట్లో శౌరి ఎండబెట్టిన మిరపకాయల మీద బోర్లా పడ్డాడు. రెండు చేతులతో తల కప్పుకున్నాడు. భుజాలు వణుకుతున్నాయి.

వచ్చినాయన లేచి నిలబడ్డాడు.

"తాలుకాయలు ఏరుతున్నాడు" అంది నాగేంద్రమ్మ నవ్వు తెచ్చుకుని. "దగ్గరగా చూస్తేగాని కనపడవు. చానా పనిమంతుడులే."

ఆయన చాలాసేపు అటే చూశాడు.

"మీ మాటే ముఖ్యమమ్మా. నిజంగా ఏ జబ్బూ లేదంటారా?"

"నా పిల్లల మీద ఒట్టు."

"ఈ మాట ఫోన్లో రికార్డు చేసుకోనా?"

"చేసుకో నాయనా. మీ పెద్దోళ్లందరికీ వినిపించు." గొంతు పెంచి, మొత్తం మళ్లీ చెప్పింది.

ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. నాగేంద్రమ్మకు ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

సాయంత్రం రాజమ్మ చేలోంచి నేరుగా పరిగెత్తుకొచ్చింది.

"వచ్చాడంట కదక్కా! చెప్పావా?"

"చెప్పానే! నీ మొగుడికి తలనొప్పి కూడా రాదని చెప్పి పంపా. ఇక జీవన్ పెళ్లికి పందిరి వేయించుకో."



"ఆయన పెళ్లోళ్ల మనిషి కాదక్కా, మా ఆయనకి మతి బాగాలేదని నీ నోట వినడానికొచ్చిన పింఛను అప్పీలు ఆఫీసరు."