రెండో చెంప

హలో, వినబడుతోందా? అన్నాలు తిన్నారా? సరే, ఫోను పక్కన పెట్టకుండా వినండి. 1966 నాటి సంగతి. మోత్కూరు దగ్గర ఒక పల్లె.

"ఇంకో చెంప గూడ కొట్టు మదారు భాయ్. లేకుంటే నా లెక్క సగంలనే ఆగుతది," అంటూ ఇస్రాయేలు చావడి మధ్యలో చెంప చాచి నిలబడ్డాడు.

"నేనెందుకు కొడత? నువ్వు నా గడ్డం గుంజినవు, నేను మాఫ్ చేసిన. మాఫ్ చేసినోనికి అల్లా దగ్గర సవాబు, పుణ్యం ఉంటది. జల్ది మాఫీ తీస్కొని ఇంటికి పో," అన్నాడు మదార్‌సాబ్.

"నీ మాఫీ తీస్కుంటే తప్పు నాదైతది గద. ఏడు డెబ్బైల సార్లు క్షమించమన్నడు మా ప్రభువు. నేనింక ఒక్కపారి గూడ మొదలువెట్టలె."

ఎవరూ నవ్వలేదు. మిర్గం కార్తెలో మంచి వాన పడింది. అందరి చేలలో నాగళ్లు తిరుగుతున్నాయి. ఈ ఇద్దరికీ ఉన్నది చెరో ఎద్దు. ఏటా రెండింటినీ ఒకే కాడికి కట్టి ఇద్దరి చేలూ దున్నుకునేవారు. ఇప్పుడు తడి ఆరిపోయిందంటే రెండిళ్లలోనూ ఆ ఏడు జొన్నలుండవు.

గొడవ ఎందుకంటే, పాకిస్తానుతో యుద్ధం అయిపోయింది గదా, ఏ మతంలో శాంతి ఎక్కువ అని గట్టు మీద కూర్చొని మాట్లాడుకున్నారట. మాటా మాటా పెరిగి కొట్టుకున్నారట. చూసినవాళ్లు లేరు. దానికి ముందు రోజే బిడ్డ అత్తగారి చేను దున్నడానికి ఇస్రాయేలు ఎద్దును తోలుకొని వాగు అవతలి ఊరికి పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చాడు. తెల్లారే ఈ గొడవ. ఆ రోజు నుంచి వాగు పొంగి అటు మనిషి ఇటు రాలేదు.

తీర్పు చెప్పేది గాలయ్య పటేలు. రెండు జతల ఎడ్లున్న ఆసామి. వాటిని కిరాయికి కూడా ఇవ్వడు. మొన్న భీమయ్య అడిగితే "ఎడ్లు లేనోనికి ఎవుసం ఎందుకు?" అని పంపేశాడు. చావడిలో చెయ్యెత్తినవాడు దెబ్బ తిన్నవాని చేను దున్నిపెట్టాలని కట్టడి చేసిందీ ఆయనే. నిరుడు ఐలేశం అట్లాగే దున్నాడు.

"ముందుగాల ఎడ్లను తోలుకరాండ్రి. నా ముంగట కాడి కట్టుండ్రి. మనుషులు తర్వాత కలుస్తరు," అన్నాడు గాలయ్య.

"నా ఎద్దు రాదు పటేలా. అలిగింది," అన్నాడు ఇస్రాయేలు.

"ఎద్దు అలుగుడేందిరా?"

"గొడవైన కాడి నుంచి గడ్డి ముడుతలేదు. మదారు భాయ్ మొకం దానికి గూడ చూపియ్యొద్దని తడిక మూసిపెట్టిన."

ఊరు నమ్మింది. ఇస్రాయేలు రోజూ ఆ తడిక వెనక్కి గడ్డిమోపు మోసుకుపోవడం ఊరంతా చూస్తూనే ఉంది.

"నా ఎద్దు ఎప్పుడో మాఫ్ చేసింది," అన్నాడు మదార్‌సాబ్ గర్వంగా.

గాలయ్య తల పట్టుకున్నాడు. "అరే, ఇద్దరు ఒక్కపారే క్షమించుకోండ్రి. పీడ పోతది."

"ఎవలు ముందు మొదలువెట్టాలె?" అన్నాడు ఇస్రాయేలు.

"నేనే. గట్ల కాదంటే ఇగో, నువ్వే నన్ను కొట్టు. నా మాఫీ ఇంక పెద్దదైతది," అని మదార్‌సాబ్ కూడా చెంప చాచాడు.

"నీ చెంప తియ్యి. ముందు చాపింది నేను."

"నీది తియ్యి."

ఒకరినొకరు తోసుకుంటూ ఇద్దరూ గాలయ్య ముక్కు దగ్గరికి వచ్చారు. "మీరన్న చెప్పుండ్రి పటేలా, ఎవరి చెంప ముందు?" అన్నాడు ఇస్రాయేలు.

గాలయ్య ఓపిక తెగింది. ఇద్దరూ చాచిన రెండు చెంపలూ వాయించాడు.

చావడి ఊడ్చే గుర్వమ్మ చీపురు ఆపింది. "కట్టడి నీదే గద పటేలా," అంది నెమ్మదిగా.

ఇస్రాయేలు చేతులు జోడించాడు. "ఏం ఫికర్ చెయ్యకుండ్రి. మిమ్ములను క్షమించిన."

"నేను గూడ మాఫ్ చేసిన. దున్నుడు గిన్నుడు ఏమొద్దు. పెద్దమనిషి, పోనియ్యి," అన్నాడు మదార్‌సాబ్ గుండె మీద చెయ్యి పెట్టుకొని.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గాలయ్య ముఖం ఎర్రబడింది.

"నన్ను మాఫ్ చేసెటందుకు మీరెంత? నా తప్పు నేను కట్టుకుంట. మీ మాఫీ మీరే ఉంచుకోండ్రి," అని జీతగాళ్లను కేకేశాడు.

పొద్దుగూకేలోపు గాలయ్య ఎడ్లు ఇద్దరి చేలూ దున్నేశాయి. గట్టు మీద మదార్‌సాబ్ బీడీ వెలిగించి, సగం కాల్చి ఇస్రాయేలుకిచ్చాడు. ఇస్రాయేలు తన గడ్డిమోపు తీసుకెళ్లి మదార్‌సాబ్ ఎద్దు ముందు వేశాడు.

నచ్చితే మీవాళ్లందరికీ పంపండి, ఈ ఆఖరి ముక్క మాత్రం ముందే చెప్పేయకండి.

ఇస్రాయేలు ఎద్దు ఆ గొడవకు ముందు రోజే వాగు అవతల చచ్చిపోయింది.