పేరేంది బిడ్డా?

“పేరేంది బిడ్డా?”

సారవ్వ అలా అడగగానే వెనక నిలబడ్డ మొదటి షిఫ్టు వాళ్లంతా గొల్లుమన్నారు.

ఆమె ముందు తల వంచి నిలబడ్డవాడు సొంత మనవడు సంపత్.

“సంపత్‌ను అవ్వా! ఇండ్లల్ల గిన్నెలు తోమి సాదినవ్ గదా, మరిచినవా?” అన్నాడు విసుగ్గా.

కుంకుమ అద్దిన సారవ్వ వేలు గాల్లోనే ఆగిపోయింది.

“ఇయ్యాల దిగకు బిడ్డా. మైసమ్మ వద్దంటున్నది.”

బొగ్గుబాయి మొగదల మైసమ్మ గద్దె దగ్గర కూర్చుని, దిగేవాళ్లకు బొట్టు పెట్టడం నలభై ఏళ్లుగా ఆమె పని. ఆ బొట్టు లేకుండా దిగే ధైర్యం ఎవరికీ లేదు.

కొత్త ఉద్యోగం. సంపత్‌కు ఆ రోజు నాగా పడింది.

ఇంటికొచ్చాక అరిచాడు.

“మనవని పేరు యాదికి లేదు గని, మైసమ్మ మాట ఇనబడ్తదా? రేపటి సంది గద్దెకాడికి రాకు. నా ఇజ్జత్ పోతున్నది!”

సారవ్వ అన్నం పెట్టి, రెండు గ్లాసుల మజ్జిగ పోసింది.

మర్నాటి నుంచి గద్దె దగ్గరికి వెళ్లలేదు; గద్దె మీది కుంకుమ ఎవరికి వాళ్లే పెట్టుకుని దిగారు. నెల తిరక్కముందే కన్నుమూసింది.

పదో రోజు పిట్టకు పిండం పెట్టి వచ్చాక, బాయిలో దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూములో పనిచేసి రిటైరైన నర్సింగం సంపత్ పక్కన కూర్చున్నాడు.

“ఇగ బొట్టు ఎవలు పెడ్తరో.”

“ఎవలన్న పెడ్తరు కాకా. పాపం, మతి తప్పినా అవ్వ పెట్టలేదా?”

నర్సింగం వింతగా చూశాడు.

“మతా? షిఫ్టుల అందరి పిల్లల పేర్లు గూడ చెప్పేది అవ్వ. పేరడిగితె నోరు తెరుస్తరని అడిగేది. మందు వాసన పట్టెటందుకు.”

అవ్వ తనను ఆపింది నస్పూర్‌లో దోస్తు పెళ్లిలో తాగొచ్చిన తెల్లారే అని సంపత్‌కు గుర్తొచ్చింది.

“మరి ఆ మాటే ఎందుకనలేదు?”

“నలుగుర్ల అంటె నీ ఇజ్జత్ పోదా? మైసమ్మ వద్దన్నదంటె ఎవలైనా మారుమాట లేకుంట ఇంటికి పోతరు.”

“అయితె మైసమ్మ చెప్పుడు అబద్ధమేనా?”

“ఏమో బిడ్డా. అవ్వ నోట మైసమ్మే చెప్పిందేమో. నలభై ఏండ్లల్ల ఆ షిఫ్టుల తాగి దిగి సచ్చినోడు లేడు.”

“గిదంత అవ్వకెందుకు కాకా?”

నర్సింగం గొంతు తగ్గించాడు.

“ఒక్కసారి నాతోని చెప్పుకొని ఏడ్చింది. మీ తాత బాయిల సచ్చిపోయిన పొద్దు తాగే దిగిండు. అవ్వకు వాసన తెలిసింది. మొగణ్ని ఏమనలేక, సద్దిగిన్నె చేతికిచ్చి తోలింది.”