తప్పుల మేడమ్

మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ రాసి వెనక్కి తిరిగిన లెక్కల మేడమ్‌కి, క్లాసు వెనక కిటికీ అవతల ఒక మనిషి కనిపించాడు.

నడివయసు. ఇస్త్రీ చొక్కా. యూనివర్సిటీ మనిషి మాత్రం కాదు.

గోడకి ఒదిగి నిలబడి చెవులు రిక్కించి వింటున్నాడు.

ఇంతలో ముందు బెంచీలోంచి "తప్పు, మేడమ్" అని వినబడింది. క్లాసంతా గొల్లుమంది.

కిటికీ అవతలి మనిషి కూడా నవ్వాడు. మేడమ్‌కి ఒళ్ళు మండింది.

ఆ ప్లస్ ఆవిడ కావాలనే రాసింది. రోజూ పాఠంలో ఎక్కడో ఒకచోట ఒక తప్పు వేస్తుంది. పట్టుకున్నవాళ్ళు బోర్డు దగ్గరికి వచ్చి అది ఎందుకు తప్పో అందరికీ చెప్పాలి. పాఠం కోసం కాకపోయినా ఆ తప్పు కోసమైనా పిల్లలు కళ్ళు పత్తికాయల్లా చేసుకుని కూర్చుంటారు. ఆవిడకి 'తప్పుల మేడమ్' అని పేరు కూడా పెట్టారు.

పిల్లల నోట్లో ఆ పేరు ముద్దుగానే ఉంటుంది. ప్రమోషన్ ఫైలులోకి ఎక్కితేనే కొంప మునుగుతుంది.

ఆవిడ ప్రొఫెసర్ ప్రమోషన్‌కి బోధన ఫైలు తయారు చేస్తోంది మరి. పాఠాల ప్లాన్లు, పిల్లల అభిప్రాయాలు, ఒక క్లాసు వీడియో, అన్నీ అందులో ఉండాలి. ఈసారి కమిటీ ఇంకో మెలిక పెట్టింది. ఈవిడ పాఠం వల్ల ఎవరికి ఏం ఒరిగిందో చెప్పడానికి, యూనివర్సిటీలో పనిచెయ్యని మనిషి ఒకరు ఇంటర్వ్యూకి రావాలట.

పోయినసారి ప్రమోషన్ చేతిదాకా వచ్చి జారిపోయింది. ఈసారి పోటీకొచ్చినవాడు పక్కగది మాస్టారు. ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నవాడు. ఇదీ పోతే ఇక రిటైరయ్యేదాకా వాడి సంతకం కోసం వాడి గుమ్మం ముందు నిలబడాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకి అన్నం సయించడం లేదు.

మర్నాడూ ఆ మనిషి అదే కిటికీ దగ్గర ఉన్నాడు. ఆ మర్నాడూ ఉన్నాడు.

ఆయన పక్కగది మాస్టారిని ఏదో అడుగుతుండగా చూశానని అటెండరు చెప్పాడు. మేడమ్ గుండెల్లో రాయి పడింది. తన తప్పులు ఏరుకుపోవడానికి పంపినవాడే, సందేహం లేదు.

దారి అడిగాడేమోనే అన్నాడు భర్త. మీకు లోకం పోకడ తెలీదు, మీరు ఊరుకోండి అంది.

మరోసారి కనిపించేసరికి, పాఠం మధ్యలో ఆపి చేతిలో చాక్‌పీసుతోనే బయటికెళ్ళింది.

"ఎవరండీ మీరు?"

ఆయన కంగారుగా కిటికీ కిందకి వంగాడు.

"మెల్లగా అమ్మా. లోపలికి వినబడుతుంది."

ఇంత భయం ఉందంటే ఏదో మతలబు ఉన్నట్టే అనుకుంది.

"ఇక్కడ మీకేం పని?"

"మీరు బోర్డు మీద తప్పు వేస్తారటగా. అది పట్టుకుంటే విందామని..."

ఇంకేం వినాలి? నోటితోనే ఒప్పుకున్నాడు. ఎవరు పంపారని నిలదీస్తే ఎవరూ పంపలేదన్నాడు. పేరడిగితే నీళ్ళు నమిలాడు. ఇంకోసారి ఈ ఛాయల్లో కనిపిస్తే పోలీసులకి చెప్తానంది.

ఆయన చేతులు జోడించాడు.

"నా మూలంగా మీరు తప్పులు వెయ్యడం మానకండమ్మా."

అబ్బో, వెటకారం కూడానా అనుకుంది.

ఆ మనిషిని గేటు దాటి రానివ్వొద్దని వాచ్‌మన్‌కి గట్టిగా చెప్పింది. తప్పులు వెయ్యడం ఆ రోజే మానేసింది. పిల్లలు కొన్నాళ్ళు బోర్డంతా వెతికి వెతికి, తర్వాత వెతకడం మానేశారు. వీడియో తీసిన రోజు పాఠం కడిగిన ముత్యంలా వచ్చింది. క్లాసులో చీమ చిటుక్కుమనలేదు. ఆవిడ తెగ మురిసిపోయింది.

బయటి మనిషి మాత్రం దొరకలేదు. పెద్ద ఉద్యోగంలో ఉన్న పాత స్నేహితురాలిని అడిగింది, ఎదురింటి డాక్టరుని అడిగింది. తప్పకుండా వస్తామన్నవాళ్ళంతా ఇంటర్వ్యూ రోజుకి మొహం చాటేశారు.

కమిటీ పెద్దాయన నొచ్చుకుంటూనే చెప్పాడు.

"వీడియోలో మీ గొంతు తప్ప ఇంకో గొంతు వినబడలేదమ్మా. మీ గురించి చెప్పడానికీ ఒక్కరూ రాలేదు."

ఫైలు పక్కన పెట్టేశారు. పక్కగది మాస్టారు ప్రొఫెసరయ్యాడు. వచ్చి కాళ్ళకి దండం పెడితే, ఆవిడ ఆశీర్వదించకుండానే క్లాసుకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కరువుతీరా ఏడ్చింది. ఆ కిటికీ మనిషిని శాపనార్థాలు పెట్టింది.

మర్నాడు క్లాసయ్యాక ముందు బెంచీ అమ్మాయి ఒక్కతే కూర్చుండిపోయింది. నత్తి ఉన్న పిల్ల. చేరిన కొత్తలో హాజరు పిలిచినా చెయ్యెత్తేదే గానీ పలికేది కాదు. తర్వాత్తర్వాత తప్పు పట్టడంలో అందరికంటే ముందు లేచేది. ఈమధ్య మళ్ళీ మూగనోము పట్టింది.

"ఏమ్మా, నోరు విప్పడమే మానేశావు?"

"త... తప్పు లేదుగా, మేడమ్."

మేడమ్ పక్కన కూర్చుంది. ఆ పిల్ల ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పుకొచ్చింది. ఇంట్లోవాళ్ళు ఎదురుగా ఉంటే తనకి మాట రాదట. క్లాసులో బోర్డు దగ్గర నిలబడి అందరికీ చెప్తున్నానని కాగితం మీద రాసి చూపించినా ఇంట్లో నమ్మలేదట. బయటి మనిషి కోసం మేడమ్ వెతుకుతున్నారని ఎవరో అంటే విని, తాను కమిటీకి చెప్పొస్తానని ఇంటర్వ్యూ రోజు గేటు దాకా వచ్చినాయన్ని వాచ్‌మన్ వెనక్కి పంపేశాడట. ఇదంతా నిన్న రాత్రే అమ్మ చెబితే తెలిసిందట.

"ఎ... ఎవరే ఆయన?" ఈసారి మేడమ్ మాట తడబడింది.

"మా నాన్న, మేడమ్. నేను చూస్తే మా... మాట ఆగిపోతుందని, ఆ కిటికీ బయట దాక్కుని నా గొంతు వినేవారట."