నాన్న వేసిన అడుగులు

భిన్నాల లెక్క సగంలో ఉండగా టీచరమ్మ ఫోన్ మళ్లీ కుయ్యోమంది.

పిల్లలు నవ్వు ఆపుకున్నారు. ఆ మోత వాళ్లకీ అలవాటే.

అది ఆమె తండ్రి గుండె మోత. ఆయనకు స్టెంట్ వేశాక ఆసుపత్రివాళ్లు చేతికి ఓ బ్యాండ్ తగిలించి ఇంటికి పంపారు. ఆయన నాడి, నడక అన్నీ ఎప్పటికప్పుడు వాళ్ల మానిటరింగ్ సెంటరుకీ, కూతురి ఫోనుకీ చేరతాయి. స్నానానికని తీసి పక్కన పెడితే మోత. టీవీలో మ్యాచ్ చూస్తూ ఆవేశపడితే మోత. మొదట్లో ప్రతి మోతకీ ఆమె బడి వదిలేసి ఇంటికి పరుగెత్తింది. ఇంకోసారి క్లాసు మధ్యలో వెళ్తే ఇక రానక్కర్లేదని హెడ్‌మాస్టర్ మొహం మీదే చెప్పేశాడు.

అయితే ఈమధ్య నాన్న దారిలో పడ్డాడు. కుర్చీలోంచి లేవమంటే విసుక్కునే మనిషి, పొద్దంతా నడుస్తున్నట్టు ఫోన్లో కనిపిస్తోంది. ఆ గీతలు చూసి ఆమె పొంగిపోయింది. స్టాఫ్ రూమ్‌లో అందరికీ చూపించింది.

"చూడండి, మా నాన్న గుండె. కుర్రాడి గుండెలా లేదూ?"

ఇప్పుడు మళ్లీ ఈ మోత.

వరండాలోకొచ్చి ఫోనెత్తింది. సెంటర్ నర్సు.

"మేడమ్, మీ నాన్నగారి గుండె లయ తప్పుతోంది. అంబులెన్సు పంపించాం. మీరూ వెళ్లండి."

"పోయినసారి కూడా ఇలాగే అన్నారు. పడుతూ లేస్తూ వెళ్తే ఆయన తీరిగ్గా గడ్డం గీసుకుంటున్నాడు."

"ఈసారి అలా లేదు మేడమ్."

నాన్నకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని పరుగెత్తింది. హెడ్‌మాస్టర్ గది ముందునుంచే వెళ్లాలి. ఆయన చూశాడు కూడా.

ఇల్లు వెనక వీధిలోనే, నాలుగో అంతస్తు. లిఫ్టు ఎప్పటిలాగే పడకేసింది.

రెండో అంతస్తు మలుపులో నీళ్ల క్యాన్లు వేసే అతను మెట్టు మీద చతికిలబడి ఉన్నాడు. పక్కనే నిండు క్యాన్. కాలు పెట్టే చోటు లేదు.

"కాస్త జరగవయ్యా. మెట్లా, నీ ఇల్లా?"

"అమ్మా... ఒక్క మాట..." తన చొక్కా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. ఒళ్లంతా చెమట.

"మాటలు తర్వాత. అవతల మా నాన్న ప్రాణం మీదికొచ్చింది."

ఆ మాట వినగానే అతను గోడవైపు జరిగాడు. క్యాన్ కూడా పక్కకి లాగాడు.

"వెళ్లండమ్మా, వెళ్లండి."

తలుపు తోసేసరికి నాన్న కుర్చీలో కాళ్లు చాపుకుని టీవీ చూస్తున్నాడు.

"ఎలా ఉంది నాన్నా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఇవాళ బడి లేదా?"

ఆమె గోడకి చేరగిలబడింది. ఊపిరి అందేదాకా బతికిపోయామనుకుంది. ఊపిరి అందాక ఒళ్లు మండిపోయింది.

మళ్లీ ఫోన్. అంబులెన్సు డ్రైవరు. గేటు దగ్గరున్నానన్నాడు.

"పైకి రావక్కర్లేదు బాబూ. మా నాన్నకేం కాలేదు. మీ మిషనుకే జబ్బు చేసింది, దాన్ని తీసుకెళ్లి చేర్పించండి."

"అమ్మాయ్, అది కాదే..." నాన్న కుర్చీలోంచి సగం లేచాడు.

"నువ్వు మాట్లాడకు నాన్నా. నీ గుండె పుణ్యమా అని నా ఉద్యోగం ఊడేలా ఉంది."

నాన్న మళ్లీ కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లోని తువ్వాలు కిందకి పోనిచ్చాడు. కోపంలో ఆమె అదేమీ గమనించలేదు.

కిటికీలోంచి చూస్తే అంబులెన్సు వీధి మలుపు తిరుగుతోంది. పీడా వదిలిందనుకుంది.

అప్పుడే కింద మెట్ల మీద కేకలు వినిపించాయి. ఏమైందోనని దిగింది.

రెండో అంతస్తులో జనం మూగారు. కింది ఇంటాయన ఆ నీళ్లతని ఛాతీ మీద నొక్కి నొక్కి, చివరికి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"లాభం లేదండీ. కాస్త ముందు ఎవరైనా చూసుంటే దక్కేవాడేమో."

ఆమె గుండె కలుక్కుమంది. ఇందాక కసిరానే అనుకుంది. అంతలోనే చేతిలో ఫోన్ మోగింది. అదే నర్సు.

"మేడమ్, ఇప్పుడు నాడి అసలు అందట్లేదు. బ్యాండ్ తీసేశారా?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా మీకు? మా నాన్న నిక్షేపంలా..."

వెనక ఆయాసం వినిపించి తిరిగి చూసింది. నాన్న రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. ఆ మనిషి పక్కన కూలబడి, అతని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

మణికట్టు మీద ఆసుపత్రి బ్యాండ్ ఉంది.

"ఎలాగూ ఎక్కే మెట్లేగా సార్, మీ లెక్కలో వేసుకోండి అనేవాడమ్మా" అన్నాడు నాన్న, తలెత్తకుండా. "నువ్వొచ్చేలోపు తెచ్చి నా చేతికి కట్టేసేవాడు. నువ్వు ఫోన్ చూసి సంతోషపడుతున్నావని చెబితే, ఇంకో రెండు వీధులు ఎక్కువ తిరిగేవాడు."

ఆమె నలుగురికీ చూపించి మురిసిపోయిన గుండె ఇతనిదే, ఆమె గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేసిన అంబులెన్సూ ఇతని కోసమే.