వంతెన మీదుగానే

ఏసీ పాపం తన పని తాను చేస్తూనే ఉంది. అయినా కళ్లజోడు కుర్రాడికి చెమటలు ఆగడం లేదు.

అతని ముందు లావుపాటి థీసిస్ తెరిచి ఉంది. ఏళ్ల తరబడి చీకటి గదిలో, లేజర్ పక్కన కూర్చుని చేసిన పని. దానికి డాక్టరేట్ వస్తుందా, బుట్టదాఖలవుతుందా అన్నది ఈ పూటతో తేలిపోతుంది. వెనక కుర్చీల్లో డిపార్ట్‌మెంట్ జనం చెవులు రిక్కించుకుని కూర్చున్నారు.

పొద్దున భార్య మరీ మరీ చెప్పి పంపింది. "ఆవిడ గొంతు పెంచగానే మెత్తబడిపోకండి. నలుగురూ నవ్వుతారు."

ఆవిడ తల ముగ్గుబుట్టే గానీ, గొంతు ఖంగుమంటోంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. సుద్దముక్క అందుకుని బోర్డు మీద ఒక అణువు గీసింది. ఎడమ కొసన వెలుగును తాగే పరమాణువుల గుంపు, కుడి కొసన అలాంటిదే ఇంకొకటి, మధ్యలో కర్రలా బిగుసుకున్న వంతెన.

"ఎడమవైపు లేజర్ కొడితే కుడివైపు మెరుస్తోంది. ఆ శక్తి ఎలా వెళ్లింది?"

"ఖాళీలోంచి దూకి వెళ్లిందనే కదండీ మేడమ్, పుస్తకాలన్నీ చెబుతున్నాయి," కుర్రాడు నసిగాడు.

"పుస్తకాల సంగతి తర్వాత. వంతెన మారిస్తే ఏమైంది? పొడవు అంతే. బిగువు అంతే. లోపలి బంధాలే వేరు. అయినా మెరుపు దాదాపు ఆరిపోయింది. దూకేదానికి వంతెనతో పనేంటి?"

కుర్రాడు గబగబా పేజీలు తిరగేశాడు. గ్రాఫ్ దొరికింది, దాని మీద వేలు పెట్టాడు.

"కొంత దూకి, కొంత వంతెన మీదుగా వెళ్లిందేమో మేడమ్. 'కావచ్చు' అని ఒక్క మాట చేరిస్తే ఏ గొడవా ఉండదు."

ఆవిడకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. సుద్దముక్కతో బోర్డును టకటకా కొట్టింది. కుర్రాడు బళ్లో పిల్లాడిలా చటుక్కున లేచి నిలబడ్డాడు.

"'కావచ్చు' అని రాసుకోవడానికా ఇన్నేళ్లు చీకట్లో కళ్లు పొడుచుకున్నది? దూకలేదు. వంతెన మీదుగానే వెళ్లింది. ఆ మాట గట్టిగా చెప్పే ధైర్యం లేకపోతే ఈ గదిలోకి రావడమే దండగ!"

"పాపం, ఆవిడతో పెట్టుకుంటే అంతే," వెనక ఎవరో గొణిగారు.

కుర్రాడికి భార్య మాట గుర్తొచ్చింది. ఉన్న కాస్త ధైర్యం కూడగట్టుకున్నాడు.

"మధ్యలో కొత్త వంతెనే వెలుగును మింగేసి ఉంటే?"

"మింగలేదు. ఆ కొలత ముందు పేజీలోనే ఉంది. కళ్లు పెట్టి చూడు."

చూశాడు. ఉంది.

ఆవిడ సుద్ద చేతులు దులుపుకుంది. ఒక్క మాట కూడా వెనక్కి తీసుకునే రకంలా లేదు.

కుర్రాడు నిలబడే జేబులోంచి పెన్ను తీశాడు, పరీక్షాధికారి అని ఉన్న చోట సంతకం పెట్టి, "మీరు పాసయ్యారు టీచర్, ఇప్పుడైనా నన్ను కూర్చోమంటారా?" అన్నాడు.