ముట్టని గిన్నె

తెల్లారకముందే జెస్సికా గదిలో మగగొంతు వినబడుతోందట.

ఈ మాట మొదట అన్నది ఇంటి ఓనరమ్మ నేత్రావతి. అన్నది కింది వాటాలో ఉండే రంజితతో. రంజిత దాన్ని కడుపులో దాచుకోలేక, బెంగళూరు హూడి సందులో టమాటాల బండి దగ్గర రాచెల్ చెవిన వేసింది.

"నిజమేనామ్మే?"

"నేనేమన్నా చూసినానా అక్కా? నేత్రావతమ్మ చెప్పింది. దినామూ అదే గొంతంట. వయసు మళ్ళినోడి గొంతంట. తలుపు తీసుకుని బయటికొచ్చేది మాత్రం ఎవురూ చూల్లేదంట."

"పెండ్లాం బిడ్డలున్నోడే అయ్యుంటాడు. ఏం మాట్లాడతాడంట?"

"నేత్రావతమ్మ కన్నడామె, తెలుగు అంత తెలీదు కదక్కా. ఏందో బతిమాలుతాంటాడంట." రంజిత గొంతు తగ్గించింది. "మధ్యలో నీ పేరు కూడా ఎత్తుతాడంట."

రాచెల్ చేతిలో టమాటా చితికింది.

హూడి తెలుగు క్రైస్తవ సంఘంలో రాచెల్ అంటే అందరికీ హడలు. సంఘ పెద్ద ఆమె భర్త శామ్సన్. పెత్తనం మాత్రం ఆమెది. వాన పడినా, ఒళ్ళు కాలినా ఆదివారం తప్పదు. ముందు వరుసలో కుర్చీ మారదు. ప్రార్థనకు అందరిలాగే కళ్ళు మూసుకుంటుంది, ఒక కన్ను మాత్రం కాస్త తక్కువగా. ఎవరి తలమీద ముసుగు జారింది, ఎవరు పాట పాడకుండా పెదాలు ఆడిస్తున్నారు, అంతా ఆ కంటి సందులోంచే చూస్తుంది. నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు బల్ల నాడు తన వంతు గుటుక్కున మింగి, గిన్నె కింద పెట్టేలోపే ఎవరు తాగలేదో కనిపెట్టేస్తుంది. మనసులో పాపం పెట్టుకున్నవాళ్ళు దాన్ని ముట్టకూడదు కదా.

క్రమం దగ్గర ఆమెకు మొహమాటం లేదు. పెళ్ళిలో డీజే పెట్టినవాళ్ళను బల్లకు రాకుండా ఆపించింది. కొడుకు పంచన బతికే దేవదాసు అనే ముసలాయన మంచం పట్టి ఆరాధనకు రావడం మానేస్తే, సభ్యత్వం తీయించింది. ఆయన పోయాక, సభ్యుడు కానివాడికి అత్తిబెలె దగ్గర మన సమాధుల తోటలో చోటేమిటని అడ్డం నిలబడింది. ఆ కొడుకు తండ్రి శవాన్ని వ్యానులో వేసుకుని నంద్యాల దారి పట్టాడు. ముసుగు లేకుండా వచ్చిన ఐటీ పిల్లనైతే పాట మధ్యలోంచి లేపి పంపింది. ఏ ఒక్కరోజూ ఆమెకు నిద్ర చెడలేదు.

అలాంటి రాచెల్‌కు ఏడాదిగా పంటి కింద రాయి ఈ జెస్సికా.

జెస్సికా నర్సు. పని మడివాళలో, అద్దెగది హూడిలో. అంత దూరాన ఇల్లెందుకని అడిగితే, "మావాళ్ళు ఈ గుడికే పొమ్మన్నారక్కా" అని ఊరుకుంది. సండే స్కూలు ఆమే చెబుతుంది. పిల్లలు ఆమె చున్నీ వదలరు. అంతా బాగానే ఉంది గానీ, చేరిన దగ్గర్నుంచి ఒక్కసారీ బల్లలో చెయ్యి పెట్టలేదు. ద్రాక్షారసం గిన్నెల ట్రే తనదాకా వస్తే పట్టుకుంటుంది. ముందు వరుస వైపు ఒకసారి చూస్తుంది. పక్కవాళ్ళకు దాటించేస్తుంది.

తప్పు చేసినవాళ్ళ చూపు అలాగే ఉంటుందని రాచెల్‌కు అప్పుడే అనిపించింది. ఇప్పుడు తప్పేమిటో కూడా తెలిసింది.

ఆ నెల మొదటి ఆదివారం ట్రే మళ్ళీ దాటింది. ఆరాధన ముగిసి, హాల్లో టీ గ్లాసులు తిరుగుతున్నాయి. రాచెల్ భర్తనూ పాస్టరయ్యగారినీ వెంటేసుకుని జెస్సికాకు ఎదురుగా నిలబడింది.

"రేప్పొద్దున్నుంచి పిల్లల దగ్గరికి నువ్వు పోయేదిల్లేదు. నీ సభ్యత్వం తీసేస్తాండాము."

జెస్సికా టీ గ్లాసుతోనే ఒక అడుగు ముందుకొచ్చింది. "అక్కా, సండే స్కూలు కావాలంటే తీసేయండి. గుడి నుంచి మాత్రం పంపొద్దండి. నాకు ఈడ పని ఉండాది. అది ఇంకా కాలేదు."

"ఏం పనమ్మా అంత గొప్ప పని? ఏడాదిగా ట్రే దాటించేదే కదా! ఎందుకు ముట్టవో చెప్పు."

"ముట్టేదానికి యోగ్యత లేదక్కా."

"విన్నారా అయ్యగారూ! దాని నోటితోనే ఒప్పుకునింది."

"అమ్మా, కొంచెం మెల్లగా..." అన్నాడు పాస్టరయ్యగారు.

"మెల్లగా ఏందయ్యా? పసిబిడ్డలకు వాక్యం చెప్పే మనిషి! తెల్లారకుండా గదిలో మాట్లాడేది ఎవుడో చెప్పమనండి."

టీ తాగేవాళ్ళు తాగడం ఆపేశారు. రంజిత స్తంభం చాటుకు జరిగింది. శామ్సన్, భార్య మోచెయ్యి పట్టుకోబోయి, ఆమె చూపు చూసి వదిలేశాడు.

"చెప్పమ్మే! పెండ్లైనోడేనా? నోట్లో బెల్లం పెట్టుకున్నావా? ఆ మగోని నోట్లో నా పేరెందుకు వస్తాది? ఇద్దురూ కూచుని నన్ను ఆడిపోసుకుంటాండారా?"

జెస్సికా టీ గ్లాసు కిటికీలో పెట్టింది. ముసుగు సర్దుకుంది. ఏడాదిగా దూరం నుంచి చూసిన ఆ ముఖాన్ని దగ్గర్నుంచి, తల దించకుండా చూసింది.

"ఆ గొంతు చచ్చిపోయిన మా నాయన దేవదాసుది, 'రాచెలమ్మను క్షమించు ప్రభువా' అని మంచంలో ఆయన చేసిన ప్రార్థన ఫోన్లో పెట్టుకుని దినామూ వింటాండా, అయినా మిమ్మల్ని క్షమించేది నాకింకా చాతకాలేదు, అందుకే ఆ గిన్నె ముట్టడంలేదు."